పింఛను కోళ్ళు

పింఛను గల ఉద్యోగం చేసినవాడికి ముసలితనంలో నెలనెలా పైకం వస్తుంది. వట్టిపోయిన ఆవుకు గోశాల ఉన్నది. మరి గ్రుడ్లు పెట్టి పెట్టి అలసిన కోడికి ఏమున్నది? అందరికీ తెలిసినదే. కత్తి ఉన్నది. ఆ కత్తికి కొన్ని కోళ్ళనైనా తప్పించాలని ఇంగ్లండులో కొందరు పూనుకున్నారు. వారి సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ముందు కోడి సంగతి చూడండి. మన పెంపుడు కోళ్ళన్నిటికీ మూలం అడవికోడి. అది ఏడాదికి పది పదిహేను గ్రుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను వెంట తిప్పుకుంటుంది. ఫారాలలోని సంకరజాతి పెట్ట ఏడాదికి సుమారు 300 గ్రుడ్లు పెడుతుంది. ఒక్కొక్క పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. మేతలోది చాలకపోతే ఆ పెట్ట తన ఎముకలలోనుండి తీసి ఇస్తుంది. అందుచేత ఎముకలు పెళుసు బారతాయి. ఏడాదిన్నర దాటేసరికి గ్రుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది, రాబడి మేత ఖర్చుకు చాలదు. అప్పుడు ఫారం ముందు లారీ వచ్చి ఆగుతుంది. అయిదారేళ్ళు బ్రతకగల ప్రాణి లెక్క అక్కడితో సరి.

ఆ ఏడాదిన్నరైనా ఎక్కడ గడిచిందంటే, పంజరంలో. రూత్ హారిసన్ అనే ఆవిడ 1964లో ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకం వ్రాసి, ఫారాలలో పశువులూ పక్షులూ ఎలా బ్రతుకుతున్నాయో బయటపెట్టింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడే ప్రభుత్వం నియమించిన సంఘం నివేదిక ఇచ్చింది. కాని చట్టాలు నత్తనడక నడిచాయి. ఐరోపా దేశాలు 1999లో శాసనం చేస్తే, వట్టి తీగల పంజరాలు పూర్తిగా పోవడానికి 2012 వచ్చింది. పాత పంజరంలో ఒక్కొక్క కోడికి 550 చదరపు సెంటీమీటర్ల చోటు. మా విద్యార్థులు జవాబులు వ్రాసే ఎ4 కాగితం కంటే అది చిన్నది. క్రొత్త పంజరంలో 750. అంటే ఆ కాగితానికి రెండు వేళ్ళ వెడల్పు అతికించినంత. దానితో పాటు కూర్చునేందుకు ఒక కమ్మీ, గ్రుడ్డు పెట్టేందుకు ఒక చాటూ చేరాయి.

డెవన్ ప్రాంతంలో జేన్ హోవర్త్ అనే ఆవిడ ఈ కోళ్ళ కోసం 2005లో ఒక ధర్మసంస్థ పెట్టింది. ఇప్పుడు దాని పేరు బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్టు. వారి పద్ధతి విచిత్రమైనది. రైతులను తిట్టరు, ఫారాల ముందు కేకలు వేయరు. లారీ వచ్చేలోగా రైతుతో మాట్లాడి, ఇచ్చినన్ని కోళ్ళను తీసుకుంటారు. ముందుగా పేరు నమోదు చేసుకున్న గృహస్థులకు పంచిపెడతారు. కోడి గుంపులో బ్రతికే ప్రాణి కాబట్టి ఒంటరి కోడిని ఇవ్వరు. ఇలా ఇప్పటికి పది లక్షలకు పైగా కోళ్ళు ఇళ్ళకు చేరాయి.

రెడింగు పట్టణంలో ఉంటున్న మా చెల్లెలు ఇలాగే మూడు పెట్టలను తెచ్చుకున్నది. 2024 వేసవి సెలవులలో నేను అక్కడే ఉన్నాను. అట్టపెట్టెలలో గడ్డి పరుచుకుని కారులో వెళ్ళాము. మాకు అందించిన పెట్టలకు మెడమీద ఈకలు లేవు. ముక్కు కొసలు పసితనంలోనే కత్తిరించి ఉన్నాయి. తురాయిలు పాలిపోయి ఒక ప్రక్కకు వ్రాలి ఉన్నాయి. పెరటిలో పెట్టె మూత తీస్తే బయటకు రావు! వచ్చిన తరువాత పచ్చికను నిప్పులాగా చూసి ఒక్కొక్క కాలే ఎత్తి పెట్టాయి.

ఇంట్లో చిక్కల్లా మా చెల్లెలి అత్తగారితో వచ్చింది. “గ్రుడ్డు ముట్టని కొంపలో కోళ్ళేమిటే అమ్మాయీ? మన ఇంటా వంటా ఉన్నదా?” అని ఆవిడ రెండు రోజులు పెరటి తలుపు దగ్గరకే రాలేదు. మూడవనాడు ఒక పెట్ట గులాబి మొక్క మొదట్లో గోకి గుంట చేసి, అందులో పడుకుని, రెక్కలతో దుమ్మంతా ఒంటిమీద ఎగజల్లుకున్నది. ఒంటిమీది పురుగులనూ జిడ్డునూ వదిలించుకోవడానికి కోళ్ళు చేసే స్నానమది. పంజరంలో మన్ను లేకపోయినా, వట్టి తీగలమీదనే పడుకుని ఆ స్నానమంతా అభినయిస్తాయని చెబితే ఆవిడ చాలాసేపు పలకలేదు. తరువాత, “జైల్లో పుట్టినా స్నానం మరవలేదు చూశావా నాయనా!” అన్నది. ఆ మాటతో సంధి కుదిరింది.

సంధి కుదిరిందని పిడికెడు అన్నం మెతుకులు పట్టుకుపోతుంటే మా చెల్లెలు అడ్డుపడింది. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చి ఆ దేశాన్ని అల్లాడించింది. ఎంగిలి కూడు తిన్న పందులనుండే అది ప్రారంభమైనదని తేల్చారు. నాటినుండి వంటింట్లోని పదార్థమేదీ కోళ్ళకు పెట్టకూడదని చట్టం. శాకాహారులమే కదా అంటే చాలదు. పాలు, పెరుగు, నెయ్యి కూడా లేని వంటిల్లయితేనే మినహాయింపు. “నెయ్యి లేని వంటిల్లు కూడా వంటిల్లేనా!” అని ఆవిడ మెతుకులతో వెనక్కు వచ్చింది. ఆ అక్టోబరునుండి మరొక నియమం వచ్చింది. ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. పక్షుల జ్వరం భయం అటువంటిది.

శీతకాలంలో చెల్లెలు ఫోను చేసింది. మూడింటిలో ఒకటి పోయిందట. ఈ జాతి పెట్టలకు గ్రుడ్ల సంచిలోనే జబ్బు పుడుతుంది, ఇల్లు దొరికినా ఎక్కువకాలం ఉండవు. ఫోను అత్తగారు అందుకున్నది. “ఆరు నెలలు ఎండలో తిరిగిందిలే నాయనా,” అన్నది. మిగిలిన రెండింటికీ మెడనిండా ఈకలు వచ్చాయనీ, తురాయిలు ఎర్రగా నిలబడ్డాయనీ, గ్రుడ్లన్నీ ప్రక్కింటివారికి ఇస్తున్నామనీ వరుసగా చెప్పింది.

లెక్కలు తెలిసినవారు ఒక ప్రశ్న వేస్తారు. ఆ దేశంలో గ్రుడ్లు పెట్టే కోళ్ళు సుమారు నాలుగు కోట్లు. ఇరవై ఏళ్ళలో పది లక్షలను కాపాడితే ఏ మూలకు? ప్రశ్న న్యాయమైనదే. కోళ్ళను ఇళ్ళకు పంచి ఫారాల వ్యవహారాన్ని మార్చలేరు. కాని ఆ పది లక్షల కోళ్ళు చేరిన ఇళ్ళలో, గ్రుడ్డు ఎక్కడినుండి వస్తున్నదో పిల్లలు కళ్ళారా చూశారు. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే గ్రుడ్లలో ఎక్కువ భాగం ఆరుబయట తిరిగే కోళ్ళవే. కొనేవారు అడగనిదే అంగళ్ళలోకి అవి రావు కదా.

ఇక మన సంగతి. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. తణుకు, అనపర్తి ప్రాంతాల ఫారాలు అందరికీ తెలిసినవే. గ్రుడ్లు తగ్గిన పెట్టను మనం ‘లేయరు కోడి’ అని చవగ్గా అమ్ముతాము. కొనేవారున్నారు కాబట్టి ఆ ధర్మసంస్థ పద్ధతి ఇక్కడ అచ్చంగా సాగదు. మనం తెచ్చుకోదగ్గది మరొకటి ఉన్నది. ఇంగ్లండులో అంగడి గ్రుడ్డు మీద ఒక అంకె ముద్రించి ఉంటుంది. 3 అంటే పంజరం, 2 అంటే కొట్టం, 1 అంటే ఆరుబయలు, 0 అంటే ఎరువుల మందులు లేని సేంద్రియ పద్ధతి. మన వీధి కొట్లోని అట్టలో ముప్పై గ్రుడ్లుంటాయి, ఒక్కదానిమీదా ఆ అంకె ఉండదు. ఈసారి కొనేటప్పుడు, “ఇవి ఎక్కడ పెరిగిన కోళ్ళవి?” అని కొట్టతనిని అడిగి చూడండి. మొదటిరోజు అతనికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే అతనూ తన సరుకు తెచ్చేవాణ్ణి అడుగుతాడు.