తెరపై ఫ్యాక్షనిస్టు, ఊళ్లో మాస్టారు

నంద్యాల నుండి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో సిరివెళ్ల ఉంది. నటుడు జయప్రకాశ్‌రెడ్డి పుట్టిన ఊరది. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999) చూసినవారికి ఆయన ఫ్యాక్షనిస్టే. నిజానికి సినిమాలకు ముందు ఆయన బడిపంతులు. తర్వాత అదే సీమ యాసతో నవ్వించారు. ‘అలెగ్జాండర్’ నాటకాన్ని ఒక్కరే నడిపించారు. 2020లో కన్నుమూశారు.

ఊరి పేరు చెప్పగానే “బాంబులున్నాయా?” అని అడిగించుకుని నొచ్చుకున్నవాళ్లమే మేమూ. అయినా, మాసిన చొక్కాతో ఆరాధనకు వచ్చినవాణ్ణి వెనుకనే కూర్చోబెట్టాం. ప్రవక్తయైన సమూయేలే ఏలీయాబు ఎత్తు చూసి పొరబడ్డాడు. దేవుడు గొర్రెలు కాసే దావీదు హృదయాన్ని చూశాడు (1 సమూయేలు 16).

ప్రియులారా, ప్రేమ రెండోసారి చూస్తుంది. ఈ ఆదివారం కొత్త ముఖం కనబడితే ముందు వరుసలో చోటిద్దాం, పేరు అడుగుదాం.