ఎనుమును గొడ్డనుటకు ముందు

జమ్మలమడుగు ప్రాంతమున నొక రైతు తన ఎనుము ఎదకు వచ్చుట లేదని, గొడ్డుబోయినదని తలచి సంతలో అగ్గువకు అమ్మివేసెను. అయిదు నెలలకు అది కొన్నవాని కొట్టములో ఈనినది. దూడయు పోయె, పాడియు పోయె. వానలు తప్పిన యేట ప్రొద్దుటూరు, పులివెందుల వైపులను సంసారము నిలుపునది పాడియే గదా! ఇట్టి పొరపాటు తప్పించుటకు రక్తపరీక్ష యొకటి కలదు.

ఎనుము సుమారు 21 దినముల కొకమారు ఎదకు వచ్చును. ఎద ముగిసి అండము విడుదలయైన పిదప అండకోశముపై చిన్న గ్రంథి యేర్పడి, ప్రొజెస్టిరోను అను హార్మోనును రక్తములోనికి వదలును. చూడి నిలిచిన ఆ హార్మోను తగ్గదు; నిలువకున్న గ్రంథి కరగి, హార్మోను తగ్గి, మరల ఎద వచ్చును. ఇంత స్వల్ప పదార్థములను రక్తములో కొలుచుటకు మార్గము చూపినవారిలో ఒకరైన అమెరికా శాస్త్రజ్ఞురాలు రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమానము లభించినది.

పశువైద్యుడు పది దినముల యెడమున రెండుమార్లు రక్తము తీయును. మిల్లీలీటరు రక్తరసములో ఈ హార్మోను 1 నానోగ్రామునకు మించిన, గ్రంథి పనిచేయుచున్నదని సాధారణముగా ఎంచుదురు.

రెండుమార్లును తక్కువైన, అండకోశము పనిచేయుట లేదు. అప్పుడు ముందుగా మేతను సరిదిద్దవలయును. ఉత్త జొన్నచొప్ప చాలదు. పచ్చిమేత, తవుడు, చెక్క, ఖనిజ లవణములు పెట్టవలయును.

ఒకమారు తక్కువ, ఒకమారు ఎక్కువైన, ఎనుము ఎదకు వచ్చుచునే యున్నది, మనమే కనిపెట్టలేదు. వేసవిలో ఎనుములు అరవక మూగయెదకు వచ్చుట కద్దు. రాత్రియు, తెల్లవారుజామునను కనిపెట్టి చూడుడు. ఎండవేళ నీడను కట్టి నీటితో తడుపుడు.

రెండుమార్లును ఎక్కువైన మిక్కిలి జాగ్రత్త వలయును. గ్రంథి కరగక నిలిచియుండవచ్చును, చూడియే కావచ్చును. వైద్యుడు చేతితో పరీక్షించి చూడి కాదని చెప్పకముందే గ్రంథిని కరగించు సూది వేయించిన, కడుపులోని దూడ పోవును.

కట్టించిన 21 మొదలు 24 దినములలో తీసిన రక్తమున హార్మోను తక్కువైన, చూడి నిలువలేదని నమ్మవచ్చును. ఎక్కువైనంత మాత్రమున చూడి నిశ్చయము కాదు. పిండము తొలిదినములలో నశించుటయు కలదు. రెండు నెలలు నిండిన పిమ్మట చేతి పరీక్షతో నిశ్చయించుకొనవలయును.

ఈ పరీక్ష అన్నియు చెప్పజాలదు. గర్భాశయపు చీమును, దున్నపోతు లోపమును ఇది చూపదు. కావున చేతి పరీక్షయే మొదటిది; సందేహము తీరనప్పుడు రక్తపరీక్ష దానికి తోడు.

ప్రొద్దుటూరిలో పశువైద్య కళాశాల యున్నది. సభ్యులారా! ఈనిన తేదీ, ఎద తేదీ, కట్టించిన తేదీ ఒక పుస్తకమున వ్రాసి వైద్యునికి చూపుడు. పరీక్ష కాకముందు ఏ ఎనుమును గొడ్డని సంతకు తోలకుడు.