ఈఫిల్ టవర్‌ లిఫ్టును పైకి లేపింది కరెంటు కాదు.. నీళ్లు!

పెండ్లిమర్రి రోడ్ల మీద కంకర దించే టిప్పర్‌ను చూసే ఉంటారు. పిస్టన్ మెల్లగా సాగుతుంది, తొట్టి పైకి లేస్తుంది. అక్కడ ఆయిల్ చేసే పనిని 1889లో పారిస్‌లోని ఈఫిల్ టవర్‌లో నీళ్లు చేశాయి.

టవర్ తెరిచిన తొలి రోజుల్లో లిఫ్టులు రెడీ కాలేదు. జనం మెట్లెక్కే వెళ్లారు. పైదాకా 1,710 మెట్లు మరి!

అసలు చిక్కు టవర్ కాళ్లతో వచ్చింది. అవి నిటారుగా ఉండవు. అందుకే లిఫ్టు రైలులా వాలు పట్టాలపై ఎక్కాలి. రెండో అంతస్తు దాకా వెళ్లే అలాంటి లిఫ్టులను అమెరికా కంపెనీ ఓటిస్ బిగించింది.

అక్కడి నుంచి పైకి ఫ్రాన్స్ ఇంజినీర్ లియోన్ ఎడూ లిఫ్టు. ఇది ఇంకా గమ్మత్తు. తాళ్లతో కలిపిన రెండు క్యాబిన్లు. నీటి ఒత్తిడితో పిస్టన్ ఒకదాన్ని పైకి తోస్తుంటే, రెండోది కిందికి దిగుతూ బరువును సరిచేస్తుంది. ప్రయాణికులు మాత్రం సగం దారిలో దిగి క్యాబిన్ మారాల్సిందే, అదీ అంత ఎత్తులో!

చలికాలం వస్తే నీళ్లు గడ్డకట్టేవి, ఆ లిఫ్టు మూతపడేది. 1983లో కరెంటు లిఫ్టులు వచ్చేదాకా ఇదే తంతు. తూర్పు, పడమర కాళ్లలో 1899లో పెట్టిన హైడ్రాలిక్ లిఫ్టులను మాత్రం తీసేయలేదు, ఆధునీకరించి వాడుతూ వచ్చారు.