ఫోనులో పూడిన బెజ్జం

తెనాలిలో మా పిన్ని పొద్దున్నే చెవుల్లో వైరు పెట్టుకుని అన్నమయ్య కీర్తనలు వింటూ పూలు కోసుకుంటుంది. పాత ఫోనుకు చార్జింగ్ నిలవడం లేదంటే కిందటి సంక్రాంతికి కొత్తది కొనిపెట్టాను. చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పింది. అంచు వెంట గోటితో తడిమింది. కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది. "ఒరేయ్, పిన్ను పెట్టే బెజ్జం ఏదిరా?" అంది. ఇప్పుడు చాలావాటికి రావడం లేదు పిన్నీ అన్నాను. "పాతదానికి ఉన్నది కొత్తదానికి లేకపోవడం ఏమిట్రా! డబ్బులు మాత్రం ఎక్కువ పోశావే!"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక సంగతి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఇదే పిన్ని వాడిన ఫోనులో తెలుగు అక్షరాలే కనిపించేవి కావు. మా అమ్మ తెలుగులో ఏదన్నా పంపితే ఆ ఫోనులో వరసగా చిన్న చిన్న డబ్బాలు వచ్చేవి. "అక్కయ్యా, మళ్లీ డబ్బాలొచ్చాయి, ఏం రాశావో నోటితో చెప్పు" అని ఫోన్ చేసేది. మూడు నాలుగేళ్లు అలాగే గడిపేసింది తప్ప, ఆ ఫోనును ఒక్క మాట అనలేదు. సొంత భాష లేకపోతే సర్దుకున్న మనిషి, ఒక బెజ్జం లేకపోయేసరికి నన్ను నిలదీసింది. కొత్త యంత్రాల్లో లోట్లను జనం ఎప్పుడు ఒప్పుకుంటారు, ఎప్పుడు ఒప్పుకోరు అన్న ప్రశ్నకు తాళంచెవి ఈ తేడాలోనే ఉందనుకుంటాను.

ముందు ఆ బెజ్జం సంగతి. దాని వ్యాసం 3.5 మిల్లీమీటర్లు. పంతొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుతో కలపడానికి గుచ్చిన పావు అంగుళం పిన్నుకు ఇది మనవడి వరస. పిన్నును వెలుతురులో పెట్టి చూడండి. లోహం మీద నల్లటి గీతలుంటాయి. అవి అలంకారం కాదు, కరెంటును అడ్డుకునే గోడలు. మొన ఎడమ చెవికి, దాని వెనక వలయం కుడి చెవికి, అడుగు భాగం రెండింటికీ తిరుగుదారి. మైకు కూడా ఉంటే ఇంకో గీత పెరుగుతుంది. ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుంది. చెవిలో పెట్టుకున్న బుల్లి స్పీకరు కదలాలంటే ఆ అంకెలు హెచ్చుతగ్గుల కరెంటుగా మారాలి. ఆ మార్చే చిప్పు ఫోనులో ఉంటుంది. బెజ్జం దాకా వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది, పిన్ను గుచ్చితే చాలు.

బెజ్జం తీసేస్తే ఆ చిప్పు పని వైర్లెస్ ఇయర్‌ఫోన్స్‌లోకో, చార్జింగ్ రంధ్రానికి తగిలించే చిన్న తోకలోకో వలస పోతుంది. పిన్ని కోసం బజారుకెళ్లి దొరికిన వాటిలో చవకైన తోక పట్టుకొచ్చాను. పెట్టి చూస్తే కిక్కురుమనలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. ఈ తోకల్లో రెండు జాతులు. ఒకదాని తలలో చిప్పు ఉంటుంది. రెండోది ఒట్టి తీగ. ఆ రకం, కరెంటుగా మార్చిన శబ్దాన్ని చార్జింగ్ రంధ్రంలోంచి పంపే ఫోన్లలోనే పనిచేస్తుంది. చూడ్డానికి రెండూ కవలలే.

ఈ తొలగింపును పెద్ద రచ్చ చేసింది ఆపిల్. అంతకు ముందే కొందరు చడీచప్పుడు లేకుండా తీసేశారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. 2016 సెప్టెంబర్ 7న ఐఫోన్ 7 చూపిస్తూ ఆ కంపెనీ ఉన్నతాధికారి ఫిల్ షిల్లర్ వేదిక మీద దీనికి కారణం ధైర్యం అన్నాడు. బెజ్జం పూడ్చడం ధైర్యమైతే మా వీధి మేస్త్రీకి పరమవీరచక్ర ఇవ్వాలని అప్పట్లో నేనూ నవ్విన బాపతే. ఫోను విప్పి చూసినవాళ్లకు ఆ చోట ఒక ప్లాస్టిక్ ముక్క కనిపించింది. నీళ్లు చొరకుండా బిగించిన ఫోనులో గాలి పీడనం కొలిచే పరికరానికి గాలి ఆడేందుకు పెట్టామని ఆపిల్ వివరణ. అదే ఏడాది గూగుల్ తన పిక్సెల్ ప్రకటనలో మా దగ్గర బెజ్జం ఉందోచ్ అన్నట్టు దెప్పింది. ఏడాది తిరిగేసరికి 2017 అక్టోబర్‌లో పిక్సెల్ 2కు అది లేదు. ఆపిల్‌ను ఆటపట్టిస్తూ ప్రకటనలు తీసిన శామ్‌సంగ్ కూడా 2019 ఆగస్టులో నోట్ 10కి తీసేసింది. ఐఫోన్ 7 డబ్బాలో ఉచితంగా పెట్టిన తోక 2018 మోడళ్లకల్లా డబ్బాలోంచి మాయమైంది.

మరి జనం ఒప్పుకున్నట్టా? 2016 చివరి మూడు నెలల్లో అన్ని మోడళ్లూ కలిపి 7 కోట్ల 83 లక్షల ఐఫోన్లు అమ్ముడయ్యాయి. అప్పటికి అది రికార్డు. ఇక వాదనెందుకు అంటారు కంపెనీల తరఫువాళ్లు. నేనొప్పుకోను. ఫోను కొనడం రైతుబజారులో వంకాయలు ఏరుకోవడం లాంటిది కాదు. పుచ్చులు పక్కన పెట్టి మంచివే తూయించుకునే వీలు లేదు. కెమెరా, తెర, అలవాటైన యాప్‌లు, పాత ఫోటోలు, ఇంటిల్లిపాదీ వాడే బ్రాండు అన్నీ ఒకే మూట. ఆ మూటలో ఒక పుచ్చు ఉన్నా కొంటాం. కొన్నంత మాత్రాన పుచ్చు నచ్చినట్టు కాదు.

దీన్ని తేల్చడానికి అమ్మకాల లెక్క కంటే జపాన్ ఆచార్యుడు నొరియాకి కానో 1984లో సహచరులతో కలిసి చెప్పిన విభజన బాగా పనికొస్తుంది. వస్తువులో ఉండే సుగుణాలన్నీ ఒక రకం కావంటాడాయన. కొన్ని ఎంత పెరిగితే అంత సంతోషం, బ్యాటరీ లాంటివి. కొన్ని అడక్కుండా వచ్చి మురిపిస్తాయి, లేకపోయినా బాధ లేదు. కొన్ని పప్పులో ఉప్పు. ఉన్నందుకు ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ నోరు తెరుస్తాడు. ఇంకో విశేషం, ఈ గడులు స్థిరం కావు. ఇవాళ మురిపించింది కొన్నేళ్లకు ఉప్పు అవుతుంది.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్ ఇందుకు మంచి సాక్ష్యం. దానికి 3జీ లేదు, యాప్ స్టోర్ లేదు, ఫోటో మెసేజ్ పోదు. అన్నిటికంటే చిత్రం, ఒకచోటి రాతను ఇంకోచోటికి తీసుకెళ్లే కాపీ, పేస్ట్ లేదు. అది 2009 జూన్‌లో గానీ రాలేదు. విమర్శకులు దుమ్మెత్తిపోశారు, కొన్నవాళ్లు మాత్రం వేలితో తోస్తే జారే తెరను, కంప్యూటర్‌లో లాగే తెరుచుకునే వెబ్ పేజీలను చూసుకుని మురిసిపోయారు. ఆ రెండేళ్ల లోటు ఇప్పటి ఫోనులో రెండు రోజులు ఉండనివ్వండి చూద్దాం!

ఇక పిన్ని కోపానికి మూలం డానియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన కప్పుల ప్రయోగంలో ఉంది. విద్యార్థుల్లో సగం మందికి తలా ఒక కాఫీ కప్పు ఇచ్చారు. ఎంతకు అమ్ముతారని వాళ్లనీ, ఎంతకు కొంటారని మిగతావాళ్లనీ అడిగారు. అదే కప్పు. చేతిలో ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న దానికి సుమారు రెట్టింపు. చేతికొచ్చింది పోవడం, అసలు రాకపోవడం మనసు లెక్కలో ఒకటి కావు. యంత్రంలోనూ అంతే. 'లేదు' వేరు, 'తీసేశారు' వేరు.

అలా అయితే ఫ్లాపీ డ్రైవు సంగతేమిటి? 1998లో ఆపిల్ ఐమ్యాక్‌లో దాన్ని తీసేస్తే పత్రికలు పిచ్చిపని అన్నాయి. మొదటి ఆరు వారాల్లో 2,78,000 అమ్ముడయ్యాయి. ఇక్కడ రెండు సంగతులు కలిసొచ్చాయి. కొన్నవారిలో మూడోవంతు దాకా అదే తమ మొదటి కంప్యూటర్ అని ఆపిల్ చెప్పుకుంది. వాళ్ల చేతిలో కప్పు లేదు కాబట్టి పోయిందన్న బెంగా లేదు. (మన దగ్గర 2017లో వచ్చిన జియో ఫోన్ కూడా ఈ బాపతే. మొదట్లో వాట్సాప్ లేకుండానే ఇళ్లలోకి వచ్చింది, 2018 సెప్టెంబర్‌కు గానీ అది చేరలేదు.) రెండోది ఇంకా ముఖ్యం. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ చేసే పనికి అప్పటికే వేరే బాటలు పడ్డాయి. సీడీలో దానికి 400 రెట్లకు పైగా పడుతుంది, ఈమెయిల్ ఉంది, కావాలంటే యూఎస్‌బీ తీగతో బయట తగిలించుకునే డ్రైవు ఉంది. పాత వంతెన కూల్చినప్పుడు పక్కన కొత్త వంతెన ఉంటే ఊరు నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటుంది.

కొత్త వంతెన లేకుండా కూల్చిన చరిత్ర కూడా ఆపిల్‌దే. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో కెమెరా కార్డు పెట్టే చోటు, హెచ్‌డీఎమ్‌ఐ, లాగితే ఊడొచ్చే అయస్కాంతపు చార్జర్, అన్నీ ఎత్తేసి వాటి చోట ఒకే రకం యూఎస్‌బీ-సీ రంధ్రాలు పెట్టారు. ఇది రేపటి లోకం అన్నారు. కానీ పెళ్లి ఫోటోలు తీసేవాడి కెమెరాలో కార్డు ఇంకా అలాగే ఉంది, కల్యాణమండపంలో తెరకు హెచ్‌డీఎమ్‌ఐ తీగే ఉంది. లక్షలు పోసి కొన్న లాప్‌టాప్‌కు సంచీ నిండా తోకలు మోయాల్సి వచ్చింది. వాళ్లు ముద్దుకు కొనుక్కున్నవాళ్లు కాదు, దానితో పొట్టపోసుకునేవాళ్లు. అయిదేళ్ల పోరు తర్వాత 2021 అక్టోబర్‌లో మూడూ తిరిగి వచ్చాయి. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసేసిన మైక్రోసాఫ్ట్‌కు ఏడాదికే 8.1లో బటన్ పెట్టక తప్పలేదు. పాత మెనూ పూర్తిగా రావడానికి 2015లో విండోస్ 10 దాకా పట్టింది.

చవగ్గా ఇస్తే ఏ లోటైనా సర్దుకుంటారన్న నమ్మకం ఒకటుంది. 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్ దాన్ని పటాపంచలు చేసింది. విద్యార్థుల కోసమని వచ్చిన ఆ పలక కూర్పు జరిగింది మన హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, వేలు తగిలితే కాదు గట్టిగా నొక్కితే పలికే తెర. మరుసటి ఏడాది మోడల్‌లో మామూలు టచ్ తెర, వేగం పెంచిన ప్రాసెసర్ పెట్టాల్సి వచ్చింది. టాబ్లెట్ అంటేనే వేలికి లొంగే తెర. అది ఉప్పు కాదు, అసలు పప్పే. ఉప్పు లేని పప్పును చవకని తినొచ్చేమో గానీ, పప్పే లేని గిన్నెను ఏం చేసుకోవాలి?

కొనేముందు మనం అడిగేదాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. డెబోరా థాంప్సన్, రెబెకా హామిల్టన్, రోలాండ్ రస్ట్ 2005లో ప్రచురించిన పరిశోధనలో ఎక్కువమంది ఎంచుకున్నది హంగులు ఎక్కువున్న యంత్రాన్నే. వాడాక ఆ హంగులే తలనొప్పిగా తోచి, సులువుగా ఉండడానికి ఎక్కువ విలువిచ్చారు. అంగడి దగ్గరి మనిషి వేరు, ఇంట్లో వాడే మనిషి వేరు. అందుకని తీసేయడమే తప్పని నేననను.

నన్ను వేధించేది వేరే. తీసేస్తే కేకలు వినిపిస్తాయి, కంపెనీలు లెక్కపెడతాయి. మొదటినుంచీ ఇవ్వనిదాని మీద కేకలే ఉండవు. ఆ నిశ్శబ్దాన్ని ఒప్పుదల పద్దులో రాసేసుకుంటారు. తెలుగుకు జరిగిందదే. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే మన అక్షరాలకు సంకేతాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చేతి ఫోన్లలో డబ్బాలే. సంకేతం ఉంటే చాలదు మరి. ఒత్తును కిందికి, గుడిని పైకి, దీర్ఘాన్ని పక్కకు చేర్చి ఒక ముద్దగా కట్టే పనివాడు ఫోనులో ఉండాలి. ఆ పని చెడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అన్న అక్షరం లోపల జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు సంకేతాలు. వాటి నడుమ కంటికి కనిపించని ఇంకొకటి చేరిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న మరమ్మతు విడుదలైంది. మన శీర్షికల్లో 'విజ్ఞానం' నడిబొడ్డున కూర్చున్న అక్షరమే అది! ఇంగ్లీషు వాడేవాళ్ల ఫోన్లు కూలాయి కాబట్టి రోజుల్లో పని జరిగింది. డబ్బాలు చూస్తూ కూర్చున్న మనం ఏళ్ల తరబడి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ కాలక్షేపం చేశాం. ఇప్పటికీ చాలామంది వేళ్లకు ఆ అలవాటు పోలేదు.

పిన్నికి చిప్పున్న తోక తెచ్చిచ్చాను. రెండు వారాలకు పూలసజ్జలో ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు ఫోను జేబులాంటి సంచీలో వేసుకుని స్పీకరులోనే వింటోంది, పక్కింటివాళ్లకూ కీర్తనలు ఉచితం. తెలుగు కీబోర్డు మాత్రం బాగా పట్టుబడింది, అమ్మకు రోజూ పేరాలకు పేరాలు రాస్తుంది. మొన్న రాత్రి ఫోను ఏదో అప్‌డేట్ చేసుకుని కీబోర్డును ఇంగ్లీషులోకి తిప్పేసింది. తెల్లారి ఆరున్నరకల్లా నాకు ఫోన్.

"ఒరేయ్, నా అక్షరాలు ఎవరు ఎత్తుకుపోయార్రా?"