గన్నేరు కొమ్మ

శివపూజకు గన్నేరు ప్రశస్తమైన పుష్పం. మొక్క ఎండకు ఓర్చుకొంటుంది. చేదు వలన పశువులు సాధారణంగా దానిని మేయవు. రహదారుల నడుమ దీనిని నాటడానికి ఈ గుణాలే కారణం. అయితే పళ్ళు వచ్చే వయసులోని కుక్కపిల్లకు, కత్తిరించి పడవేసిన కొమ్మ ఒక ఆటవస్తువు.

పూవు మొదలుకొని వేరు వరకు ఈ మొక్క అంతటా ఒలియాండ్రిన్ అనే విషం ఉంటుంది. ఎండుటాకులోనూ అది నశించదు. హృదయ కణాలలో సోడియం, పొటాషియంల రాకపోకలను అది అడ్డగిస్తుంది. మొదట చొంగ, వాంతులు, నీరసం కనిపిస్తాయి. పిమ్మట గుండె లయ తప్పి ప్రాణాపాయం ఏర్పడుతుంది. పచ్చగన్నేరు గింజల స్వభావమూ ఇట్టిదే.

ఉప్పునీరు పట్టించి కక్కించాలని కొందరు యత్నిస్తారు. అధిక లవణమూ కుక్కకు విషమే. లక్షణాలకై వేచి ఉండక, నమిలిన కొమ్మతో సహా దానిని పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.