నడుము పట్టిందా? కాస్త ఆగండి!

మా అత్తగారికి నడుము పట్టేసింది. అటకమీది ఇత్తడి బిందె దించబోయి, "అమ్మో!" అని అక్కడే కూలబడిపోయారు.

సూళ్లూరుపేటలో మా వీధి చిన్నదేగాని, సలహాలకు కొదవ లేదు. "ఎదురుకాళ్ళతో పుట్టినవాడిచేత మూడుసార్లు తన్నించండి" అన్నారు పక్కింటి పిన్నిగారు. అలా పుట్టిన కుర్రాడు ఎదురింట్లోనే ఉన్నాడు. వాడికి వీధిలో అప్పటికే మంచి ప్రాక్టీసు! మావారు పుత్తూరు పోదామన్నారు. చిన్నప్పుడు ఆయన చెయ్యి విరిగితే అక్కడ ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టు కట్టారట. ఇంతలో చెన్నపట్నంనుంచి మా ఆడబిడ్డ ఫోను: "వదినా, ఇక్కడ కైరోప్రాక్టరు ఒకాయన ఉన్నాడు. ఒక్క నొక్కు నొక్కితే టప్పుమని నొప్పి ఎగిరిపోతుందట. పొద్దున్న రైలుకి అమ్మను తీసుకురండి."

నాకూ రైలెక్కుదామనే ఉంది. కాని ఆవిడ మంచంమీద ఒత్తిగిలలేకపోతుంటే భయమేసి, ముందు మాకు తెలిసిన డాక్టరుగారిని పిలిపించాను.

ఆయన నడుము ముట్టుకోకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఇదివరకు ఎముక ఏదైనా విరిగిందా? జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? కాళ్ళలో బలం పోయిందా? కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా? మూత్రం ఆగిపోవడంగాని, తెలియకుండా పోవడంగాని ఉందా?

"నడుముకీ మూత్రానికీ సంబంధమేమిటండీ?" అని మా అత్తగారు సిగ్గుతో ముడుచుకుపోయారు. సంబంధం ఉందట. వెన్నెముక అడుగున ఉండే నరాల కట్ట నలిగితే ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి పరుగెత్తవలసిందే.

చివరికి అడిగారు, ఏం మాత్రలు వాడుతున్నారని. ఉబ్బసానికి ఏళ్ళతరబడి స్టెరాయిడు మాత్రలు! ఎక్స్‌రే తీయిస్తే సంగతి బయటపడింది. ఎముకలు గుల్లబారి, ఒక వెన్నుపూస నలిగి కుంగిపోయింది. దానిమీద ఆ కుర్రాడి తన్నుగాని, పట్నంవారి నొక్కుగాని పడివుంటే! తలచుకుంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

అలాగని కైరోప్రాక్టిక్ వట్టి బూటకమనను. 1895లో అమెరికాలో, డేవెన్‌పోర్టులో, డి. డి. పామర్ దీన్ని మొదలుపెట్టాడు. చెవిటివాడి వెన్ను సర్ది వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. వెన్నుపూస తప్పడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమన్న ఆయన మాట పరీక్షకు నిలవలేదు. మామూలు నడుమునొప్పికి మాత్రం కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది, వ్యాయామం ఇచ్చేపాటిది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు సలపడమూ కద్దు. ఇక ఆ "టప్పు" ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. మెటికలు విరిచినప్పుడు కీలులోని ద్రవంలో వాయువువల్ల వచ్చేదే.

మెడ సంగతి వేరు. ఠక్కున తిప్పితే అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం చిరిగి పక్షవాతం రావచ్చు. మావారు క్షౌరానికి వెళ్ళినప్పుడల్లా మెడ విరిపించుకుని వచ్చేవారు. మానిపించాను.

అమెరికాలో ఈ విద్య ఏళ్ళతరబడి చదివి, లైసెన్సు పుచ్చుకుని చేస్తారు. మీ వెన్ను అప్పగించేముందు, ఎక్కడ చదివారో అడగండి. మీ జబ్బులూ మందులూ దాచకుండా చెప్పండి. అవతలివారు ఏమీ అడగకుండానే బోర్లా పడుకోమంటే లేచి వచ్చేయండి. మొహమాటమెందుకు?

మూడు నెలలకు మా అత్తగారు చెంగాళమ్మ గుడికి నడిచి వెళ్ళివచ్చారు. నిన్న ఎదురింటి కుర్రాణ్ణి కేకేస్తే నాకు గుండె ఝల్లుమంది. అటకమీది బిందె దించిపెట్టమనట!