ఆటగాళ్లకు పస్తులు వద్దు, పెసరట్టు ముద్దు

నూరు గ్రాములంటే ఓ చిన్న గ్లాసెడు నీళ్ల బరువు. ఆ నూరు గ్రాములే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్‌కు పతకం దక్కకుండా చేశాయి. ఆగస్టు 6న మూడు కుస్తీలు గెలిచి ఫైనల్‌కు చేరిన ఆమె, మర్నాటి ఉదయం తూకంలో 50 కిలోల మీద ఆ కాస్తా ఎక్కువ తూగింది. రాత్రంతా కసరత్తు చేసినా, జుట్టు కత్తిరించినా లాభం లేకపోయింది.

కుస్తీ, బాక్సింగ్, బరువులెత్తే పోటీలకు వెళ్లే కుర్రవాళ్లు కొందరు తూకం రోజు దగ్గరపడగానే అన్నం మానేస్తారు. మంచినీళ్లూ ముట్టరు. ఇది ప్రాణాలకే ముప్పు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు ఇలాగే చెమటోడ్చి బరువు దించుకోబోయి, ఐదు వారాల్లోపే ఒకరి తర్వాత ఒకరు మరణించారు.

ఆఖరి రెండు రోజుల పస్తులతో ముఖ్యంగా తగ్గేది ఒంట్లోని నీరే, కొవ్వు కాదు. నీటితోపాటు సత్తువా పోతుంది. కొవ్వు కరగాలంటే నెలల ముందు నుంచే వంటలో మార్పు రావాలి. గ్రాము నూనెలో 9 కేలరీల శక్తి ఉంటుంది. గ్రాము మాంసకృత్తుల్లోగాని, పిండిపదార్థంలోగాని ఉండేది 4 మాత్రమే. కాబట్టి ముందుగా తగ్గించవలసింది నూనె, చక్కెర. పప్పూ కూరా కాదు.

ఇందుకు ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. రాత్రి నానబెట్టిన పెసలను అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్కతో పెనం తుడిచి అట్టు పోస్తే ఉదయం ఫలహారం సిద్ధం. ఎండలో సాధన చేసి వచ్చాక, రాగి జావ కాచి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు కలిపి తాగితే చెమటలో పోయిన నీరూ ఉప్పూ తిరిగి చేరతాయి. మధ్యాహ్నం కొలిచిన అన్నంలోకి తోటకూర పప్పు. చేప దొరికితే వేపుడు మాని పులుసు. సాయంత్రం బజ్జీలకు బదులు ఉడికించిన ఉలవ గుగ్గిళ్లో, కోడిగుడ్డో చాలు.

ఎదిగే వయసు పిల్లల బరువును డాక్టరు సలహా లేకుండా తగ్గించబోవడం తగదు. ఒళ్లు ఎదిగితే పై విభాగానికి మారవచ్చు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె కంచు పతకం గెలిచింది 69 కిలోల విభాగంలో!